గంజి పాటకు కలిసిన చరణం

ఏసుమణికి చదువు రాదు. అయినా కోసిగి చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవుల ఇంట పెళ్లయినా, బిడ్డకు పేరు పెట్టినా ఆమెను పిలిచి పాట కట్టమనేవారు. కలుపు తీసే ఆడవాళ్ల వరసల్లోనే ఏసయ్య మాటలు పెట్టి, అప్పటికప్పుడు పాడేది.

పంతొమ్మిది వందల యాభై రెండులో కరువొచ్చింది. ఏసుమణి, ఆమె భర్త దాసన్న రోడ్డు పనిలో కంకర కొట్టారు. మధ్యాహ్నం పూట గంజి కేంద్రం దగ్గర వరసలో నిలబడేవారు. ఒకరోజు ఎవరో ముసలాయన వరసలోకి వచ్చాడు. చేతిలో గిన్నె లేదు.

"గిన్నె లేకుంటే దేంట్లో పొయ్యల్లప్పా? పక్కకు జరుగు" అన్నాడు గంజి పోసేవాడు.

ముసలాయన జరిగి, కాసేపు అందరి గిన్నెల వైపూ చూసి, ఎండలో పడి వెళ్లిపోయాడు. ఏసుమణి చేతిలో నిండు గిన్నె ఉంది. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలున్నారు. ఆమె ఆయన్ని పిలవలేదు.

మరునాడు కంకర కొడుతుంటే పాట వచ్చింది.

గంజి కాడికొస్తివా ఏసయ్యా
గిన్నె లేక నిలిస్తివా
ఎండలోనే తిరిగి పోతివా ఏసయ్యా
ఏమనకుండా పోతివా

పక్కనున్న ఆడవాళ్లు అందుకున్నారు. వారం తిరిగేసరికి పనిలో అందరికీ, క్రైస్తవులు కానివాళ్లకు కూడా, ఆ పాట నోటికొచ్చేసింది. ఆదివారం ఏసుమణి దాన్ని ఏసయ్య గుడిలో ఎత్తుకుంది. బడిలో పాఠాలు చెబుతూ, ఆదివారం ఆరాధన నడిపే ఏసేపు అయ్యవారు మధ్యలోనే ఆపారు.

"లోకానికి అన్నం పెట్టే ప్రభువును గంజి కాడ నిలబెడితే ఎట్లమ్మా? పైగా తిరిగి పొమ్మంటివి. ఈ పాట గుళ్లో వద్దు."

ఆయన కోపంగా అనలేదు. అయినా ఏసుమణి తల దించుకుంది. పాట వెనకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత పాటలు కట్టడం మానేసింది. పెళ్లివాళ్లు వచ్చి అడిగినా, "నాకు రావడంల్యా" అని పంపించేసేది.

రెండేళ్లు గడిచాయి. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి, ఏసుమణి దాసన్నతో రైలెక్కి కడప వైపు కాలువ కింద వరి కోతకు పోయింది. మూడో రోజు మడిలో ముందు వరస కోస్తున్న ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. గంజి కాడికొస్తివా ఏసయ్యా. ఏసుమణి కొడవలి ఆగిపోయింది. నాలుగు పంక్తులు అయ్యాక పాట ఆగలేదు.

రావయ్యా నా పక్కన కూసో
నా గిన్నెలో సగము నీదే

ఏసుమణి గబగబా ముందుకు నడిచి, పాడుతున్న ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. ఆమె పేరు రామలక్ష్మమ్మ. నుదుట రూపాయంత కుంకుమ బొట్టు.

"అవ్వా, ఈ పాట యాడ నేర్చుకుంటివి?"

"కరువులో మా ఊరికి పనికొచ్చినోళ్లు పాడతాంటే విన్యా."

"కడాకు ఆ గిన్నె మాట ఎవురు కలిపినారు?"

"నేనే పాపా. ఆయప్పను అట్ల నిలబెట్టి పంపిచ్చేదానికి నాకు మనసొప్పల్యా. తప్పా?"

వెనక నుంచి దాసన్న అందుకున్నాడు. "అవ్వా, ఆ పాట కట్టింది ఈమే."

ఏసుమణి గట్టు మీద కూలబడి ఏడ్చింది. గిన్నె లేని ముసలాయన సంగతంతా రామలక్ష్మమ్మకు చెప్పింది. "పిలిచింటే పోయేదవ్వా. పిలవకపోతిని."

రామలక్ష్మమ్మ కొంగుతో ఆమె మొహం తుడిచింది. "బిడ్డలు ఆకలిగొని ఉండిరి, ఏం చేస్తావు? ఆ పొద్దు నీకు నోరు రాల్యా. ఇప్పుడు పాటలో పిలిచినాం కదా, ఇద్దరం. లే, మడి మిగిలిపోతాండాది."

కోతలు ముగిసి ఊరు చేరిన ఆదివారం ఏసుమణి అయ్యవారి ఎదుట నిలబడి, ఆ పాటను కొత్త చరణంతో సహా పాడింది. ఎందుకు కట్టిందో మొదటిసారి చెప్పింది. ఏసేపు అయ్యవారు కూడా ఆ కరువులో గంజి తాగినవారే.

"ఆపకుండా ఉండాల్సింది నేను" అని, బల్ల మీది నోటుపుస్తకం తీశారు. "కట్టింది ఎవరని రాయాల?"

"ఏసుమణి, రామలక్ష్మమ్మ అని రాయండి."

"ఆమె మన గుడి మనిషి కాదు కదమ్మా?"

"కాదు. కానీ ఆ మాట ఆమెదే. రాయండి అయ్యవారూ."

ఆయన రాశారు. ఆ ఆదివారమే గుడిలో అందరూ పాడారు.

ఏసుమణికి మళ్లీ పాటలు రాసాగాయి. ఖాళీగా కూర్చుంటే ఆమెకు ఒక్క మాటా తోచేది కాదు. అందుకని ఆమె వేరుసెనక్కాయలు ఒలుస్తున్న వాకిట్లోకి అయ్యవారే నోటుపుస్తకంతో వచ్చి పీట మీద కూర్చునేవారు. యాభై ఎనిమిది నాటికి అందులో ఇరవై మూడు పాటలు చేరాయి.

"తర్వాతి మాటేంటమ్మా?" అనేవారు కలం పట్టుకొని.

"ఉండండి అయ్యవారూ" అనేది ఏసుమణి, చేతులు ఆపకుండా. "వస్తాండాది."