ఎర్ర గీతలో శనివారాలు

పాత పెట్టె సర్దుతుంటే గళ్ళ కాగితం ఒకటి బయటపడింది. మన ఈడు కాలువగట్టు పిల్లలకు గుర్తుండే ఉంటుంది, లాకు దగ్గర రోజూ మధ్యాహ్నం థర్మామీటరు చూసి వేడెంతో గీత గీసేవారు. మా లాకులో ఆ పని నాన్నగారిది.

ఎర్ర గీత మాది, పోల్చి చూడ్డానికి కాలువల ఆఫీసులో వేసిన నల్లది పై లాకుది. రెండూ జోడెడ్లలా కలిసి నడిచేవి. వారానికోసారి మాత్రం మాది గోతిలో పడేది.

"చూడకుండా రాస్తున్నావా?" అని ఆ ఆఫీసు ఇంజనీరు దొరగారు అడిగారట. నాన్నగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

గోతులు లెక్కపెట్టింది నేనే. "అన్నీ శనివారాలేనండి నాన్నగారూ" అన్నాను.

శనివారం మా లాకు ఇంటి వసారాలో చూస్తే, థర్మామీటరును ఆనుకుని బామ్మ మడిచీర తడితడిగా ఆరుతోంది.

"ఇవాళ పెరటి నిండా తలంటు పిల్లలేరా. ఈ మూల ఎవరూ ముట్టుకోకూడదని నువ్వే కదా చెప్పావు. మడికి ఇంతకంటే మంచి చోటేది?" అంది బామ్మ.

నాన్నగారు ప్రతి గోతి పక్కనా 'మా అమ్మగారి మడిచీర' అని రాసి పంపారు. దొరగారు నవ్వుకుని కాగితం తిప్పి పంపేశారట.

బామ్మకు ఫొటో లేదు. ఈ కాగితం మీద మాత్రం నాలుగు శనివారాలు చల్లగా ఉంది.