నౌపడకు పట్టుకెళ్ళిన చావు వార్త

ఇది అరవై ఎనిమిదో సంవత్సరం, మార్చి నెల మాట. విజయనగరంలో ఒక వారపత్రిక ప్రెస్సువారు కాలేజీ విద్యార్థులకు పది రోజులపాటు విలేకరి పని నేర్పారు. ఎనిమిది మందిమి చేరాం, ఆడపిల్లల్లో నేనొక్కదాన్నే. వార్త రాయడం, సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి కూర్చడం, ప్రూఫు తీసి తప్పులు దిద్దడం, అన్నీ మా చేతులతోనే చెయ్యాలి. డైరీ తప్ప మరేమీ రాయని నాకు ఆ సీసం వాసన మొదటి రోజే నచ్చింది. మనుషులను ప్రశ్నలడగడం మాత్రం నాలుగో రోజుకీ చేతకాలేదు.

ఆ నాలుగో రోజు సోమవారం. ఒకాయన పోస్టుకార్డు పట్టుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. నౌపడ దగ్గర ఒక ఊళ్ళో నాదస్వర విద్వాంసుడు అప్పలస్వామిగారు శనివారం కాలం చేశారని అందులో ఉంది. "ఆల ఊరోణ్ణే. అచ్చేయండి" అన్నాడు. వయసు, వాయించే గుడి పేరు, భార్య ఉన్నారా, పిల్లలున్నారా అని అడిగి, చెప్పినవన్నీ తలెత్తకుండా రాసుకున్నాను. మర్నాడు ఎనిమిది పంక్తులు కూర్చి ప్రూఫు తీశాను. నా మొదటి వార్త.

మాస్టారు ప్రూఫు చదివి, "ఆయన పోయాడని నీకెవరు చెప్పారు?" అన్నారు.

"కార్డు."

"కార్డు ఎవరైనా రాస్తారు. గురువారం సాయంత్రం పేజీ కట్టి అచ్చుకెక్కిస్తాం. ఈలోగా ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, ముఖాలు చూసి రా."

మా ఇంట్లో ఒప్పించే పని కూడా ఆయనే చేశారు.

బుధవారం ఉదయం ఆరుంపావు ప్యాసింజరు ఎక్కాను. మూడో తరగతి, ఆడవాళ్ళ పెట్టె. ప్రూఫు కాగితం డైరీలో పెట్టుకున్నాను. గరివిడి దాటేటప్పటికి ఎండ వచ్చింది. ఆమదాలవలసలో బండి చాలాసేపు ఆగుతుంది, ఫలహారం అక్కడ కానివ్వడం మేలు. ఆకులో నాలుగు ఇడ్లీలు పావలా. చట్నీ కారం, కాబట్టి మరచెంబు వెంట ఉండాలి. ఆ తర్వాత మంచినీళ్ళు దొరకడం కష్టం.

కోటబొమ్మాళిలో ఖాళీ ఉప్పుగంపలతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. ఉప్పు అమ్ముకుని ఇంటికి పోతోందట.

"ఎవులింటికి ఎల్తన్నావు పాపా?"

చెప్పాను. ఆమెదీ అదే ఊరు. జవాబు చెప్పేముందు ఆమె ఒకసారి తలెత్తి పెట్టె పైకప్పు వైపు చూసింది. అక్కడేమీ లేదు.

"పోనాడు. శనివారమే పోనాడు" అంది, మొత్తం పెట్టెకు వినపడేలా.

"మీరు చూశారా?"

"సూడ్డమేటి? పోనాడని సెప్పినారు గదా, మనమూ అలాగే సెప్పాల" అని నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు.

పదీ ఇరవైకి నౌపడలో దిగాం. అవతలి ప్లాట్‌ఫారం మీద పర్లాకిమిడి వెళ్ళే చిన్నరైలు ఆగి ఉంది. మా దారి ఇటు, ఉప్పు మడుల గట్ల మీద ముప్పావుగంట నడక. ఎటు చూసినా తెలుపే. తాటాకులు కప్పిన ఉప్పు పోగులు వరసగా, ఎవరినో పడుకోబెట్టి కప్పినట్టున్నాయి. స్టేషను శబ్దాలు వెనక ఎక్కడ ఆగిపోయాయో తెలియలేదు. కాలి కింద ఉప్పు చిట్లడం ఒక్కటే వినిపించింది. ఊరి మొదట్లో ఆమె ఆగిపోయి, ఒక పెంకుటిల్లు చూపించి, "నాను రాను, ఎల్లు" అంది.

వేళ పదకొండు దాటింది. వీధి తలుపు వేసి ఉంది. చావింటి ముందు ఉండే మనుషులెవరూ లేరు. పెంకుల మీద ఒకే ఒక కాకి, అరవకుండా నిలబడి ఉంది. తలుపు తట్టాను. "చాలా విచారం కలిగిందండీ" అనడానికి దారంతా వల్లె వేసుకున్నాను. తలుపు తీసిన ముసలావిడకు నుదుట పావలా కాసంత కుంకుమ, చేతులకు నిండా గాజులు.

"అప్పలస్వామిగారి భార్య..."

"నానే. నోపలికి రా, బేగి" అని చెయ్యి పట్టి లాగి తలుపు మూసేసింది.

లోపలి గదిలో దీపం లేదు. పెంకుల మధ్య పెట్టిన గాజుబిళ్ళలోంచి ఒక చారిక వెలుగు పడుతోంది. దాని కింద చాప మీద ఒక ముసలాయన, ఒళ్ళో నాదస్వరం. వేళ్ళు రంధ్రాలు మూస్తున్నాయి, తెరుస్తున్నాయి. ఊదడం లేదు. ఏదో కీర్తన మొత్తం, చప్పుడు లేకుండా సాగుతోంది. గోడ పట్టుకున్నాను.

"బయపడకు. బతికే ఉన్నాడు" అంది ఆవిడ గొంతు తగ్గించి. "గడిసిన శుక్రారం తెల్లారగట్ల కాకి నెత్తిమీద తన్నినాది. తన్నితే పేణం పట్టుకుపోతాది. పోనాడని రగతం పంచుకున్నోలికి కబురెట్టాల. ఆలు నమ్మి ఏడిస్తే గండం తప్పుతాది. అందాకా గడప దాటకూడదు, ఊదకూడదు."

పత్రిక నుంచి వచ్చానని, ఒకాయన కార్డు తెస్తే వార్త కూర్చానని చెప్పి, "ఎవరికి రాశారు?" అన్నాను.

"ఉన్నోడొక్కడే, తమ్ముడు పైడయ్య. ఈనకి డోలు కొట్టీవోడు. ఇరవై ఏళ్ళ కిందట తగువాడి ఎల్లిపోనాడు, ఆమదాలవలసల బియ్యం కొట్టు. కార్డు ఎవులు తెచ్చినారే నీకు? ఎలాగున్నాడు?"

నాకు సిగ్గేసింది. "ముఖం చూడలేదండీ. చేతులే చూశాను. గోళ్ళ సందుల్లో తవుడు ఉంది. వేళ్ళు బల్ల మీద ఊరికే ఆడుతున్నాయి."

"ఆడే! ఆడే మా మరిది!" ఆవిడ నా రెండు భుజాలూ పట్టుకుంది. "ఏడ్సినాడా?"

ఒక్క క్షణం తలెత్తి ఉంటే నేను చూసి ఉండేదాన్ని. వయసు రాసుకున్నాను, గుడి పేరు రాసుకున్నాను. చీకట్లో కూర్చున్న మనిషికి కావలసిన ఒక్క సంగతీ నా దగ్గర లేదు. "తెలియదండీ" అన్నాను.

అప్పటిదాకా ఊరుకున్న ముసలాయన, "నా కాయితం తెచ్చినావా? సూపించు" అన్నాడు.

"మాటాడకు. సచ్చినోడివి" అని కసిరింది భార్య.

"సచ్చినోడి గురించి ఏటి రాసినారో సచ్చినోడు సూడకూడదేటే?"

ప్రూఫు ఇచ్చాను. వెలుగు చారికలో పెట్టుకుని, వేలు పంక్తుల కింద కదుపుతూ, తన మరణవార్త మెల్లగా పైకి చదివాడు. "డెబ్బయ్యేటి? అరవయ్యెనిమిది" అన్నాడు. నా పెన్సిలు అడిగి దిద్దాడు. చివరి పంక్తి దగ్గర ఆగిపోయాడు. "ఆయనకు భార్య ఉన్నారు" అని ఉందక్కడ. "ఆడి పేరేదీ? నాను పోతే మిగిలినోడు ఆడొక్కడే. ఆడి పేరు నేకుండా ఏటి అచ్చు?" అని మార్జినులో పెద్ద పెద్ద అక్షరాలతో "తమ్ముడు పైడయ్య" అని రాశాడు.

ఇది ఇక పత్రికలో రాదని, మాస్టారికి నిజం చెప్పి తీరాలని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆవిడ ఏడవలేదు. గడప దగ్గర నా చెయ్యి పట్టుకుని, "దార్లోనే గదా ఆడి కొట్టు. ఈ కాయితం ఆడికి సూపించు. ఉన్నాడనకు, పోనాడనకు. నోరు మూసుకో, అంతే" అంది. అలాగేనని తల ఊపాను. బయటికొచ్చి పైకి చూస్తే కాకి ఉన్నచోటే ఉంది, తల మాత్రం నా వైపు తిప్పింది.

ఒంటిగంటా యాభైకి బండి. మూడుంపావుకి ఆమదాలవలసలో దిగాను. బియ్యం కొట్టు స్టేషను రోడ్డులోనే. ఆ చేతులను గుర్తుపట్టాను, ఈసారి ముఖం కూడా చూశాను. రెండు మూడు రాత్రులుగా నిద్రలేని ముఖం. కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి.

"అచ్చయిందేటి?" అని ఆత్రంగా లేచాడు. ప్రూఫు అందించాను.

చదవకుండా చేతిలో పట్టుకుని, "నిజం సెప్తాను పాపా. కార్డు అందగానే కాకి కార్డని నాకు అనుమానం. మా అయ్యకీ ఒకపాలి కాకి తన్నితే ఇలాగే రాసినారు. సావు కార్డు ఇంట్ల ఉంచకూడదు, నమ్మినోడు అప్పుడే సింపీడా? నాను సింపనేదు. ఏడుద్దామని శానా సూసినాను, రానేదు. ఏడవకపోతే మా అన్నకి గండం. అచ్చులో సూస్తే నమ్ముతానేమో, నమ్మితే ఏడుపొస్తాదేమో అని మీకాడికి తెచ్చినాను" అన్నాడు.

అప్పుడు చదివాడు. మొదటి పంక్తి, రెండో పంక్తి. చూపు మార్జినులోకి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది.

"ఇది ఎవులు రాసినారు?"

నోరు మూసుకుంటానని మాట ఇచ్చాను. కానీ ఆ ముఖం చూస్తూ మూసుకోలేకపోయాను. "ఆయనే" అన్నాను.

పైడయ్య బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. కాగితం మోకాలి మీద పరిచి ఆ రెండు మాటల మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత చిన్నపిల్లాడిలా, పెద్దగా, వీధిలో వాళ్ళు ఆగి చూసేలా ఏడ్చాడు. ఎంతసేపో చెప్పలేను.

"బతికున్నాడని తెలిసి ఏడిస్తే పనికొస్తాదా?" అని అడిగాడు చివరికి. అది నాకెవరూ నేర్పలేదు. ఆయన కాగితం మడిచి రొంటిన పెట్టుకుని, కొట్టు తలుపులు వేసి, నౌపడ వైపు వెళ్ళే బండి కోసం స్టేషనుకు నడిచాడు. నా కాగితం అడగబుద్ధి కాలేదు.

అయిదు గంటల బండిలో తిరుగు ప్రయాణం. పొందూరు దాటాక ఎదురుగా కూర్చున్న నూలు మూట ఆవిడ నన్నే చూస్తూ, "ఏటి పాపా, మొకం అలాగున్నాది? సావుకెల్లి వస్తన్నావా, పెళ్ళికెల్లి వస్తన్నావా?" అంది.

"ఏదో తెలియదండీ. ఒకాయన అన్నగారి కోసం ఏడ్చారు."

"పోనాడా అన్న?"

"బతికే ఉన్నారు."

"కాకి తన్నినోడేటి?" అంది ఆవిడ. మూట ఒళ్ళోకి లాక్కుని, లేచి, అవతలి బల్ల మీదికి మారిపోయింది. విజయనగరం వచ్చేదాకా మధ్యలో ఎక్కినవాళ్ళు కూడా ఎందుకో నా పక్కన కూర్చోలేదు. బయట చీకటి పడుతోంది. మాస్టారికి ఏం చెప్పాలో మాత్రం డైరీలో రాసుకున్నాను: గుమ్మంలో నిలబడ్డాను, ముఖాలు చూశాను, వార్త లేదు. ఆ ఏడుపుకి మనిషి నిలిచాడో లేదో తెలియదు.