నేను కుడికి తిప్పిన తొండం

ఒక దేవుడి తొండాన్ని అటు నుంచి ఇటు తిప్పేసి, పీర్జాదిగూడలో ఒక కుటుంబం మొత్తం నోటి దగ్గరి మటన్ ముక్కను లాగేసిన ఘనుడి గురించి చెప్పబోతున్నాను. మీరు అతన్ని చూసి నవ్వుకోవచ్చు, తిట్టుకోవచ్చు, మొహమాటం అక్కర్లేదు. ఆ ఘనుణ్ణి నేనే.

నాచారంలోని ఒక ఫ్యాక్టరీలో నా ఉద్యోగమంతా క్వాలిటీ చెకింగ్‌లోనే గడిచింది. అంటే ఇతరుల పనిలో తప్పులు పట్టడం, దానికి జీతం తీసుకోవడం. ఇంతకన్నా హాయైన ఉద్యోగం ఉంటుందా చెప్పండి! యాదగిరి అక్కడే లేతు మిషను మీద పనిచేసేవాడు. అతను చేసిన పీసుల్ని నేను కొలిచి, వెంట్రుకంత తేడా కనబడినా బుట్టలో పడేసేవాణ్ణి. అయినా ఆ మంచిమనిషి నాతో స్నేహం మానలేదు. మా అపార్ట్‌మెంట్‌లోనే, మా కింద ఫ్లాట్‌లో ఏళ్ళ తరబడి అద్దెకున్నాడు.

రిటైరయ్యాక తప్పులు పట్టడానికి నాకు మా ఆవిడ సరోజిని ఒక్కతే మిగిలింది. కొన్నాళ్ళు ఓర్చుకుంది. చారులో వేయబోయే ఉప్పును నేను చెంచా మీద చాకుతో సమంగా గీకుతుండగా చూసేసరికి ఆ ఓర్పు కాస్తా అయిపోయింది.

"ఏమండీ, మీ చేతులకి వంటింటి బయట ఏదైనా పని చూసుకోండి."

అలా పట్టుబడిందే చెక్క సామాను మీద బొమ్మలు దించే విద్య. తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. కావలసిన బొమ్మను కాగితం మీద ప్రింటు తీయించాలి. చెక్కకు తెల్ల రంగు వేసి, ఆరాక జిగురు పూసి, బొమ్మ ఉన్న వైపు చెక్కకు ఆనేలా కాగితాన్ని బోర్లా అతికించాలి. బాగా ఆరాక తడిగుడ్డతో తడిపి వేలితో రుద్దితే కాగితం పొట్టుపొట్టుగా రాలిపోతుంది, బొమ్మ మాత్రం చెక్కను పట్టుకుని ఉండిపోతుంది. ఆ రుద్దడం ఉంది చూశారూ, మానుతున్న గాయం మీద పొక్కు గిల్లినంత సుఖం. చుట్టూ రంగుల అంచు వేసుకుంటే పని పూర్తి.

ఇదంతా ఫోనులో ఒకావిడ వీడియో చూసి నేర్చుకున్నాను. అయితే నాకొక అలవాటుంది. ఏ వీడియో అయినా మొదటి రెండు నిమిషాలు చూడను. ఆ రెండు నిమిషాలూ లైకు కొట్టండి, గంట కొట్టండి అని బతిమాలడమే కదా! ఆవిడ ఆ రెండు నిమిషాల్లో ఇంకేదైనా చెప్పి ఉండవచ్చునన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు.

కానీ నేను పద్ధతైన మనిషిని. ముందు పరీక్షలు చేయకుండా ఏ పనికీ దిగను. టీ ట్రే మీద పద్మం దించాను. పెన్నుల డబ్బా మీద సూర్యుణ్ణి దించాను. పోపులపెట్టె మూత మీద పూర్ణకుంభం దించాను. మూడూ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. భూతద్దం పెట్టి చూశాను. లోపం లేదు. "పద్ధతి నిర్దోషం" అని డైరీలో రాసుకుని కింద గీత కూడా గీశాను. ఫ్యాక్టరీలో నా సంతకం పడితే సరుకు నేరుగా లారీ ఎక్కేది. ఆ ధీమా అన్నమాట.

సరిగ్గా అప్పుడే, తనూ రిటైరైన యాదగిరి పీర్జాదిగూడలో సొంత ఫ్లాటు కొన్నాడు. మాఘమాసంలో గృహప్రవేశం. కొన్న బహుమతి ఇస్తే నా విద్య ఎందుకు? ఉప్పల్‌లో వడ్రంగి చేత నున్నని చెక్క కోయించాను. ఏఎస్ రావు నగర్ వెళ్ళి రంగులు తెచ్చాను. మా పూజగూట్లో ఉన్న క్యాలెండర్ వినాయకుణ్ణి ఫోటో తీసి, ప్రింటు తీయించి, చెక్క మీద దించాను. చుట్టూ పసుపు అంచు, మధ్యమధ్య ఎర్ర చుక్కలు, కింద తాళాలు తగిలించుకోవడానికి ఇత్తడి కొక్కేలు. స్వామి ఎంత కళగా వచ్చాడంటే, చూస్తూ చూస్తూ నేనే రెండుసార్లు దణ్ణం పెట్టుకున్నాను.

గృహప్రవేశం నాడు యాదగిరి భార్య భాగ్యమ్మ దాన్ని ముచ్చటపడి తలుపు పక్కనే తగిలించింది. పాలు పొంగాయి. పంతులుగారు అక్షింతలు వేస్తూ వేస్తూ చెక్క ముందు ఆగిపోయారు.

"అరెరే! కుడి తొండం!"

కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు.

"ఇళ్ళల్లో ఎడమవైపు తొండం తిరిగిన స్వామినే పెట్టుకుంటారమ్మా. కుడి తొండం స్వామి మహా శక్తిమంతుడు, అంత నిష్ఠా కావాలి. నిత్యం దీపం, నైవేద్యం. నీసు గడప దాటకూడదు. ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తే మరీ మంచిది. ఇంత అరుదైన స్వామిని ఎవరు తెచ్చారు?"

అందరి కళ్ళూ నా వైపు తిరిగాయి. బుద్ధిమంతుడైతే ఆ క్షణాన "కుడేమిటి?" అని అడిగి, వెళ్ళి చూసేవాడు. నేను కండువా సర్దుకుని, "ఊరికే దొరుకుతాడా పంతులుగారూ? వెతికితే గానీ..." అన్నాను.

భాగ్యమ్మ చెంపలు వేసుకుంది. అక్కడికక్కడే ముగ్గురు ఆడవాళ్ళు తమకూ అలాంటిది ఒకటి కావాలన్నారు. ఎన్నికల ముందు నాయకుడిలా అందరికీ తల ఊపి వచ్చాను.

రెండు రోజులు తిరగకుండా యాదగిరి మా ఇంటికి వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"సార్, ఖతమైన."

"ఏమైంది యాదగిరీ? ఒంట్లో బాగాలేదా?"

"ఒంట్ల కాదు సార్, ఇంట్ల. మీ వినాయకుడు."

కుర్చీలో కూలబడ్డాడు. "ఆదివారం దావత్ గద సార్. మటన్‌కు రెండు యాటలు చెప్పిపెట్టిన. భువనగిరి నుంచి మా బావలు, బామ్మర్దులు అందరొస్తున్నరు. ఇన్నేండ్ల సంది ఆల్లింట్లల్ల దావత్‌లు తిని తిని వచ్చిన. నేను ఇల్లు కొన్నంక సూడున్రి అని చెప్పుకుంట తిరిగిన. ఇయాల భాగ్యమ్మ ఏమంటున్నదో ఎరుకేనా? ఆలుగడ్డ కూర, పప్పుచారు పెడదమంటున్నది!"

"పైన టెర్రస్ మీద వండించవయ్యా."

"గదీ అడిగిన. మెట్ల మీద వాసనొచ్చినా స్వామికి తెలుస్తదంట. ఫ్రిజ్‌ల గుడ్లు పక్కింటోల్లకు ఇచ్చేసింది. నిన్న చారుల ఎల్లిగడ్డ లేదు సార్, తిన్నంక గూడ ఆకలైంది. మా పెద్దబావ ఫోన్ జేసి, రెండు యాటలు సరిపోతయా, మూడోది పట్టుకరావాల్నా అంటున్నడు. నేనేం జెప్పాలె? ఆలుగడ్డలు పట్టుకరమ్మనాల్నా? నా ఇజ్జత్ పోతది సార్. మీరు చెప్తే మా ఆమె ఇంటది."

సరోజిని టీ తెచ్చి అతని ముందు పెట్టి, పూజగూటి వైపు చూసింది.

"ఏమండీ, మీరు ఫోటో తీసింది ఈ క్యాలెండర్‌నే కదా?"

"అవును."

"ఈయన తొండం ఎడమవైపు లడ్డూ మీదికే ఉందే? మరి అక్కడ కుడికి ఎలా పోయింది?"

నేను లేచి చూశాను. యాదగిరి చూశాడు. స్వామి నిమ్మళంగా ఎడమచేతి లడ్డూ తింటున్నాడు. నా రెండు అరచేతులూ వాటంతటవే ఒకదాని మీద ఒకటి బోర్లా పడ్డాయి. అప్పుడు వెలిగింది. బోర్లా అతికిస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది! పద్మానికి, సూర్యుడికి, కుంభానికి ఎటు తిప్పినా ఒకటే రూపు. పరీక్షకు ఏరి ఏరి ఆ మూడే పెట్టుకున్నాను. ఫోను తీసి ఆ వీడియో మొదటి నిమిషం చూస్తే, ఆవిడ చిరునవ్వుతో, "అన్నిటికంటే ముఖ్యం, బొమ్మను ముందే తిప్పి ప్రింటు తీయించుకోండి" అంటోంది.

యాదగిరి టీ కప్పు కింద పెట్టేశాడు. "నా పీసు వెంట్రుకంత అటిటైతే బుట్టల పడేస్తుంటిరి. మీరు దేవున్నే ఉల్టా దించిన్రా సార్!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, లేచి, నా చెయ్యి పట్టుకున్నాడు. "పదున్రి. గిదే మాట మా ఆమెకు చెప్పుదం. దావత్ బచాయించినట్టే."

పోవలసిందే. కానీ నా పరువు? బొమ్మ కావాలన్న ఆ ముగ్గురు ఆడవాళ్ళు? వెతికి తెచ్చానన్న మాట?

"ఆగు యాదగిరీ. ఇంకొకటి సరిగ్గా దించి రహస్యంగా మార్చేద్దాం. స్వామి తనంతట తానే తొండం తిప్పుకున్నాడని చెబుదాం."

"సార్! గట్ల చెప్తే ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా జనం లైన్ కడ్తరు. నేను దావత్ ఏడ పెట్టాలె?"

"అయితే పంతులుగారి కళ్ళజోడు పాతదని చెబుదాం."

సరోజిని నా వైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

శనివారం కొత్త చెక్కను సంచీలో వేసుకుని పీర్జాదిగూడ చేరాను. అదే పసుపు అంచు, అవే ఎర్ర చుక్కలు. యాదగిరేమో భార్యను వంటింట్లో మాటల్లో పెట్టాలి, నేను హాల్లో మార్చాలి, తర్వాత తొండం ఎడమకే ఉందని ఆమెకు చూపించాలి, అదీ పథకం. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కాను. పాత స్వామిని దించాను. కొత్త స్వామిని తీశాను. రెండు చేతుల్లో ఇద్దరు స్వాములు. ఇక చూడండి, కుడి అంటే నా కుడివైపా, స్వామి కుడివైపా? నా ఎదురుగా ఉన్నాడు కాబట్టి ఆయన కుడి నాకు ఎడమ. నేను దించింది ఏ చేత్తో? కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, సర్దుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. ధైర్యం చేసి ఒకరిని తగిలించాను. చూస్తే, దించినాయన్నే మళ్ళీ తగిలించాను.

వంటింట్లోంచి యాదగిరి గొంతు పెద్దగా వినిపిస్తోంది. "జర ఆగవే! పప్పుల ఉప్పు సరిపోయిందా సూడు!"

"పొద్దటి సంది నాలుగుసార్లు సూసిన, ఏమైంది నీకు ఇయాల?" అంటూ భాగ్యమ్మ నైవేద్యం గిన్నెతో హాల్లోకి వచ్చి నిలబడిపోయింది.

"గిదేంది సార్? ఇద్దరు స్వాములు?"

వెనకాలే పరుగెత్తుకొచ్చిన యాదగిరి ఆదుకున్నాడు. "ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అంటనే!"

"నువ్వూరుకోవయ్యా," అన్నాను.

కుర్చీ మీద నిలబడే మొత్తం చెప్పాను. బోర్లా అతికించడం, పద్మం, సూర్యుడు, మొదటి రెండు నిమిషాలు, అన్నీ. ఆమె నవ్వలేదు. నైవేద్యం గిన్నె స్వామి ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు అడిగింది.

"మరి పంతులు అడిగితే ఎతికి తెచ్చిన అన్నరు?"

"గొప్పకు అన్నానమ్మా."

"ముందు కుర్చీ దిగున్రి సార్, పడ్తరు."

దిగాను. యాదగిరి ఆశగా, "మరింక ఇది ఉత్త చెక్కనే గదనే? దావత్ జేసుకోవచ్చు గద?" అన్నాడు.

"ఉత్త చెక్కెట్లైతది? పంతులు అక్షింతలేసిండు, నేను దీపం పెట్టిన, నా మొక్కు చెప్పుకున్న. సార్ తప్పు జేసిండు గానీ స్వామి ఏం జేసిండు?" కాసేపు ఇద్దరు స్వాములనూ మార్చి మార్చి చూసింది. తీర్పు చెప్పింది. "గీ ఎడమ స్వామి మా ఇంట్ల ఉంటడు. గా కుడి స్వామి, ఎవరు తిప్పిన్రో ఆల్లింట్ల ఉంటడు. నియమాలు గూడ ఆయనెంబడే పోతయి."

యాదగిరి ముఖం మతాబులా వెలిగింది. "అంటే యాటలు?"

"తెచ్చుకో పో."

అతను బావకు ఫోన్ చేస్తూ మెట్లు దిగిన వేగం చూస్తే, రిటైరైన మనిషని ఎవరూ అనరు.

భాగ్యమ్మ కుడి స్వామిని కొత్త రవికె గుడ్డలో చుట్టుకుని, ఆటోలో నా పక్కనే కూర్చుని నాచారం వచ్చింది. సరోజినికి అప్పగింతలు పెట్టింది. "అక్కా, ఉల్లిగడ్డ వద్దు, ఎల్లిగడ్డ వద్దు, గుడ్డు వద్దు. సార్ బయట గూడ తినొద్దు, ఇంటి యజమాని గద."

"మా భాగ్యం!" అని మా ఆవిడ హారతి ఇచ్చింది. ఆమె ముఖంలో అంత ఆనందం నా ప్రమోషన్ నాడు కూడా చూడలేదు.

"ఎన్నాళ్ళమ్మా?" అన్నాను సన్నగా.

"పంతులుకు ఫోన్ జేసిన సార్. వచ్చే వినాయకచవితికి మంచిగ సాగనంపొచ్చంట."

మాఘం నుంచి భాద్రపదం దాకా వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఒక చేతి వేళ్ళు చాల్లేదు.

ఆదివారం దావత్ ఘనంగా జరిగింది. టెర్రస్ మీద షామియానా, పెద్ద పెద్ద గిన్నెలు, మసాలా ఘుమఘుమ. యాదగిరి గరిటె పట్టుకుని, గెలిచొచ్చిన రాజులా పంక్తుల మధ్య తిరుగుతున్నాడు. బావలు, బామ్మర్దులు ఎముకలు చప్పరిస్తూ "మస్తుగున్నది" అంటున్నారు. నా విస్తట్లో ఇంగువ పప్పు, పెరుగన్నం. నిజం చెప్పొద్దూ, వాళ్ళ సంతోషం చూస్తుంటే నాకు సగం కడుపు నిండింది. మిగతా సగం గురించి అడక్కండి.

పక్కన కూర్చున్న పెద్దబావ నా విస్తరి చూసి జాలిపడ్డాడు. "ఏంది సార్, షుగరా?"

యాదగిరి వంగి చెప్పాడు. "కాదు బావా. సార్ ఇంట్ల కుడి తొండం స్వామి ఉన్నడు. మస్తు నిష్ఠ."

అవతల కూర్చున్న ఆయన భార్య చేతిలో ముద్ద ఆపేసింది. "కుడి తొండమా? సార్, మాకు గూడ గసొంటి స్వామిని ఒకటి చేసియ్యున్రి. మా ఇంట్ల తగిలిస్త."

పెద్దబావ నోట్లో మూలుగ ఎముక అలాగే ఆగిపోయింది. ఆయన నా కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో ఆయన రాబోయే ఆదివారాలన్నీ వరసగా నిలబడి నాకు దణ్ణం పెడుతున్నాయి.

"ఆ విద్య మర్చిపోయానమ్మా," అన్నాను.

ఆయన మెల్లగా ఎముక చప్పరించాడు.

ఇంటికొచ్చి స్నానం చేసి, స్వామి ఎదుట కూర్చుని, డైరీలో ఎర్ర సిరాతో ప్రమాణం రాశాను. ఇకమీదట తొండం గానీ, ముక్కు గానీ, ముఖమంటూ ఉన్న దేన్నీ ముందు అద్దంలో చూసుకోకుండా చెక్క మీద దించను. దించినా ఎవరింటికీ ఇవ్వను. ఇచ్చినా, దావత్ అయిన మర్నాడే ఇస్తాను.