అడిగిన బొమ్మ ఇవ్వని గంగులప్ప

పుంగనూరు బస్టాండు పక్క సందులో డిష్షులు రిపేరు చేసే గంగులప్పకు ఒకటే పిచ్చి. ఏ సెట్‌టాప్ బాక్సు చేతికొచ్చినా, ఆన్ చేయగానే టీవీలో మొట్టమొదట కనబడే బొమ్మను మార్చకుండా తిరిగివ్వడు. రిమోట్‌లో సెల్లు అయిపోయిందని పోయినా బాక్సు తెమ్మంటాడు. పెన్‌డ్రైవు గుచ్చి కొత్త బొమ్మ ఎక్కిస్తాడు. అందుకు పైసా తీసుకోడు. ఉచితమే కదా అని మురిసిపోయి మనం ఫలానా బొమ్మ కావాలంటే మాత్రం చచ్చినా పెట్టడు. ఏ ఇంటికి ఏ బొమ్మ కావాలో ఆయనే తేలుస్తాడు.

కుప్పంలో నీలిమ టీచరమ్మ గులాబీలు అడిగింది. టీవీ పెడితే ఇరవై సెకన్లపాటు ప్రెషర్ కుక్కరు కనబడింది. వెంటనే ఫోను చేసింది.

"యాలప్పా కుక్కరు పెట్టినావు?"

"సీరియల్ ముందర కూర్చుంటే పొయ్యి మీద కుక్కరుండేది నీకు గుర్తే ఉండదని మీ ఆయన సెప్పినాడమ్మా."

ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు, గంగులప్పతో కాదు, మొగుడితో. పప్పు మాత్రం ఆ తర్వాత ఒక్కసారీ మాడలేదు.

ఎరువుల కొట్టు అంకయ్య సింహం బొమ్మ అడిగాడు. బాక్సు తీసుకుపోయి పెడితే భార్య వరలక్ష్మి ఫొటో వచ్చింది. అంకయ్య పరుగెత్తుకొచ్చాడు.

"సింహాన్ని గదప్పా నేను అడిగింది?"

"అదే గదప్పా నేను పెట్టింది?"

వరలక్ష్మి ఆ సాయంత్రమే గంగులప్పకు అరడజను కారందోసెలు పంపింది. అంకయ్యకు ఆ పూట సద్దన్నమే.

ఈ సంగతులేవీ మదనపల్లె టమాటా మండీ సుబ్రమణ్యానికి తెలియవు. ఆయనకు తన మొహం గురించి తప్ప లోకంలో మిగతా వాటి గురించి తెలిసింది తక్కువ. ఊళ్ళో ఎవరి పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టినా, పుట్టినవాడికంటే సుబ్రమణ్యం మొహమే పెద్దగా ఉండేది. ఏటా జనవరిలో తన మండీకి సరుకు తెచ్చే రైతులందరికీ క్యాలెండర్లు పంచేవాడు. అందులో నల్లకళ్ళద్దాలు, నాలుగు గొలుసులు పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఎవరినో కొట్టబోతున్నట్టు నిలబడి ఉండేవాడు. పిల్లలు అన్నం తినకపోతే తల్లులు ఆ క్యాలెండరు చూపించేవాళ్ళని వినికిడి.

అంత మొహం ఉండి ఏం లాభం? రెండు సీజన్ల నుంచి రైతులు ఒక్కొక్కరే జారుకుని ఎదురు మండీకి పోతున్నారు. పొద్దున వేలం వేళకు ఆ మండీలో క్రేట్లు కప్పు దాకా లేస్తుంటే, సుబ్రమణ్యం మండీలో కుక్కలు కాళ్ళు చాపుకుని పడుకుంటున్నాయి. ఈ సీజనూ ఇలాగే పోతే తాత పెట్టిన మండీకి తాళం వేయవలసిందే. ఆ మాట తలుచుకుంటే ఆయనకు ముద్ద దిగడం లేదు.

ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. క్యాలెండరును నెలకొకసారి చూస్తారు. టీవీని రోజుకు పదిసార్లు పెడతారు. కనుక తన మొహాన్ని టీవీలోనే పెడితే? కలకడ, పెద్దపంజాణి వైపు అరవై మంది రైతులకు అరవై బాక్సులు కానుకగా ఇవ్వాలని తీర్మానించాడు. పోయినేడు మండీ ఆఫీసుకు డిష్షు బిగించింది గంగులప్పే కాబట్టి పని అతనికే అప్పజెప్పి, క్యాలెండరు ఫొటో చేతిలో పెట్టాడు.

గంగులప్ప దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇది ఆధార్ కార్డుకా సామీ?"

"టీవీకప్పా! ఆన్ చేస్తే నేనే రావల్ల."

"పిల్లోళ్ళుండే ఇండ్లు సామీ."

"సెప్పింది సెయ్యప్పా!"

"సరే సామీ."

గంగులప్ప 'సరే' అంటే భయపడాలని పుంగనూరులో అందరికీ తెలుసు. సుబ్రమణ్యానిది మదనపల్లె.

పదిరోజులకు బాక్సులన్నీ బిగించడం అయిపోయింది. తన వైభవం కళ్ళారా చూసుకుందామని సుబ్రమణ్యం ఇస్త్రీ చొక్కా వేసుకుని పెద్దపంజాణిలో రైతు చిన్నస్వామి ఇంటికి పోయాడు. కుర్చీ వేశారు. మజ్జిగ ఇచ్చారు. చిన్నస్వామి టీవీ ఆన్ చేశాడు. బొమ్మ ఇంకా రాకముందే పిల్లలు కిసకిసలాడుతున్నారు. చిన్నస్వామి తల్లి రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వచ్చింది బొమ్మ. జోరున వాన. మోకాళ్ళ దాకా ఎత్తి కట్టిన పంచె. తలమీద బోర్లించిన ఖాళీ టమాటా క్రేటు. క్రేటుకున్న ప్రతి బొక్కలోంచీ నీళ్ళు ధారగా కారుతుంటే, కింద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న సుబ్రమణ్యం.

సుబ్రమణ్యానికి మజ్జిగ పొలమారింది. చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేసుకుని నేరుగా పుంగనూరులో తేలాడు.

"నా పరువు తీసినావు గదరా! అరవై ఇండ్లలో తీసినావు! ఎప్పుడు తీసినావురా ఆ ఫొటో?"

"గుర్తులేదా సామీ?"

"లేదు!"

"నాకు గుర్తుండాది. పోయినేడు తుపానుకు మీ మండీలో నేను డిష్షు బిగిస్తా ఉంటి. రైతుల సరుకు తడిసిపోతాదని ఆఫీసు మీది టార్పాలిన్ పట్టలన్నీ పీకి మీరే కప్పినారు. మీకు గొడుగు గూడా మిగల్లేదు. హమాలీలు నవ్వితే మీరూ నవ్వినారు. నేను సెల్లులో ఫొటో కొట్టినాను. పదైదేండ్లుగా ఫ్లెక్సీల్లో, క్యాలెండర్లలో మిమ్మల్ని సూస్తాండా. మీ మొగం అంత బాగుండింది ఆ ఒక్క పొద్దే."

సుబ్రమణ్యం తల గోక్కున్నాడు. ఫ్లెక్సీల కోసం వెయ్యి ఫొటోలు తీయించుకున్నాడు గాని, ఆ రోజు సంగతి ఆయనకే గుర్తులేదు.

"రెండు దినాలు సూడు సామీ. బాగలేకపోతే అరవై ఇండ్లకూ నేనే పోయి మార్చొస్తా."

మూడోనాడు పొద్దున సుబ్రమణ్యం మండీలో కుక్కలకు పడుకునే చోటు దొరకలేదు. కలకడ నుంచి రెండు బండ్లు, పెద్దపంజాణి నుంచి మూడు. చిన్నస్వామి క్రేట్లు దించుతూ అసలు మాట చెప్పేశాడు.

"ఇన్నాళ్ళూ నీ మొగం సూస్తే ధర అడగాలన్నా భయమేస్తా ఉండె అన్నా. బాక్సు బిగించేటప్పుడే గంగులప్ప ఇల్లిల్లూ కూర్చుని ఆ వాన కత సెప్పినాడు. మా సరుకు కోసం తడిసినోడివని మాకేం తెలుసు?"

సుబ్రమణ్యం గబగబా గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. టమాటా ఘాటు అన్నాడు. టమాటాకు ఘాటేమిటని ఎవరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే సొంత ఇంటి బాక్సు చంకన పెట్టుకుని పుంగనూరు పోయాడు. "మా ఇంటికీ ఆ క్రేటు ఫొటోనే పెట్టప్పా" అన్నాడు బతిమాలుతూ.

"సరే సామీ" అన్నాడు గంగులప్ప.

ఇంటికొచ్చి, భార్య మునిరత్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని టీవీ ఆన్ చేశాడు. క్రేటూ లేదు, తనూ లేడు. ఒక ఇంటి నడవలో నేలమీద కూర్చుని, టీవీలో దేన్నో చూస్తూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్న మనుషులు.

"ఎవరయ్యా వీళ్ళంతా?" అంది మునిరత్నమ్మ.

సుబ్రమణ్యం లేచి తెర దగ్గరకు పోయి వేలు పెట్టి చూపించాడు. "వీడు చిన్నస్వామి. ఈయమ్మ రాములమ్మ. ఈ పిల్లోళ్ళ పేర్లు..." ఆగిపోయాడు. "పేర్లు తెలీదు. రేపు పోయి అడిగొస్తా."