పోయేటప్పుడు చెల్లె దారి, వచ్చేటప్పుడు నా దారి

పూరీ పోవాలన్న ముచ్చట నాయినదే. ఆయనతో పాటు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన దోస్తులు కొందరు రైల్లో పోయివచ్చి, కొత్తగూడెం బజార్లో కనిపించినప్పుడల్లా అవే కబుర్లు చెప్తుంటే ఆయనకు కూడా మనసు పుట్టింది. కానీ రైలు మాత్రం వద్దన్నాడు. "రైలు దానికి ఇష్టమున్న కాడ ఆగుతది. మనకిష్టమున్న కాడ దిగాలె గదా" అన్నాడు.

చెల్లె వాళ్ళు అప్పుడే ఏడు సీట్ల కారు కొన్నారు. నాకు బడికి ఎండాకాలం సెలవులు. మా ఆయన దుకాణం వదిలి రాలేనన్నాడు, పిల్లలు ఖమ్మంలో కోచింగ్‌లో ఉన్నారు. చివరికి నాయిన, అమ్మ, చెల్లె, మరిది, నేను తేలాం.

ఏ దారిన పోవాలో తేల్చుకోవడానికి పెనుబల్లిలో చెల్లె వాళ్ళ వరండాలో కూర్చున్నాం. తోట నుంచి వచ్చిన మామిడికాయల ట్రేలు గోడవారగా పేర్చి ఉన్నాయి. మరిది ఫోన్లో మ్యాప్ తెరిచి నాయిన ముందు పెట్టాడు. ఒక దారి అశ్వారావుపేట మీదుగా రాజమండ్రి చేరి, అక్కడి నుంచి కోస్తా వెంట విశాఖపట్నం, శ్రీకాకుళం, బరంపురం దాటుకుంటూ పోతుంది. ఇంకోటి భద్రాచలం, చింతూరు దాటి అడవిలోపలి నుంచి మల్కన్‌గిరి, జయపూర్, కోరాపుట్ మీదుగా పోతుంది.

మొదటి దారి చెల్లెది. మరిది వాళ్ళ తాతలు గోదావరి జిల్లా నుంచి వచ్చి పెనుబల్లి దగ్గర భూములు కొన్నారు. ఇప్పటికీ వాళ్ళ చుట్టాలు రాజమండ్రి నుంచి భీమిలి దాకా రోడ్డు పొడుగునా ఉన్నారు. రెండో దారి నాది. టీచర్‌గా నా మొదటి పోస్టింగ్ చింతూరు దగ్గర ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో. నాలుగేళ్ళు అక్కడే ఉన్నాను. రాష్ట్రం విడిపోయి ఆ మండలం ఆంధ్రలో కలిసినప్పుడు ఆప్షన్ పెట్టుకొని ఇటు వచ్చేశాను, ఇప్పుడు తల్లాడలో పనిచేస్తున్నాను. ఆ నాలుగేళ్ళలో మా ఇంటి నుంచి ఒక్కరు కూడా ఆ బడి చూడ్డానికి రాలేదు. ఈసారి చూపించాలనుకున్నాను.

"అడవి దారిన పోదాం నాయినా, చల్లగుంటది" అన్నాను.

"వదినగారూ, అటు రోడ్డు ఎట్లుందో తెలీదండీ. ఇటైతే ఎక్కడ ఆగినా మనవాళ్ళ ఇల్లే" అన్నాడు మరిది.

నాయిన మామిడి ముక్క నములుతూ, తల ఎత్తకుండానే, "సముద్రం దిక్కే పోదాం తియ్" అన్నాడు.

నేను చెల్లె ముఖం చూశాను. అది నవ్వలేదు. నవ్వినా బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి నాకు ఒక సాకు దొరికేది. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరి మధ్య ఇట్లాగే ఉండేది. నా మార్కుల కాగితం చూసి నాయిన "మంచిది" అని సంతకం పెట్టేవాడు. చెల్లె ఎప్పుడో మూడో తరగతిలో బడి పండగకు పాడిన పాట సంగతి మాత్రం బాయి దోస్తులకు ఇప్పటికీ చెప్తాడు.

రాజమండ్రిలో మరిది మేనత్త ఇంట్లో మధ్యాహ్నం భోజనం. గేటు దగ్గరే చెల్లెను కావలించుకొని "మా అమ్మాయొచ్చింది" అంది ఆమె. నా వైపు తిరిగి "అక్కగారు కదూ, రండి రండి" అంది. నాయినకు పడక కుర్చీ వేశారు, ఫ్యాను ఆయన వైపు తిప్పారు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్తావకాయ వడ్డించారు. అన్నం కలుపుకుంటూ నాయిన బాయిలో పని గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మాతో ఎన్నడూ అంత వివరంగా చెప్పలేదు. ఆ మేనత్త గడ్డం కింద చెయ్యి పెట్టుకొని "అమ్మో, అంత లోపలికే!" అంటుంటే ఆయన ఇంకా లోపలికి తీసుకుపోయాడు.

చెల్లె వాళ్ళ వంటింట్లో తిరుగుతూ "ఏంటండీ పిన్నిగారూ, ఉప్పు ఎక్కడ పెట్టారు?" అంటోంది. ఆ మాట తీరు విని నాకు ఒళ్ళు మండింది. కొత్తగూడెం క్వార్టర్లలో నాతో పాటు "ఏందే" అంటూ పెరిగిన పిల్ల. అమ్మ నా పక్కన కూర్చొని మురిపెంగా, "ఎంత మంచిగ కలిసిపోయిందో చూడు" అంది. చూస్తున్నాను అన్నాను.

భీమిలిలో మరిది బాబాయి ఇంట్లో రాత్రి పడుకున్నాం. పొద్దున్నే అందరం సముద్రం దగ్గరికి పోయాం. నాయిన సముద్రం చూడడం మొదటిసారేం కాదు, ఎప్పుడో ఎల్‌టీసీ మీద ఒకసారి చూశాడు. అయినా చిన్నపిల్లాడిలా ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి చెల్లె చెయ్యి పట్టుకొని నీళ్ళలోకి దిగాడు. అల వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఎగురుతున్నారు. అమ్మ ఒడ్డున నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. చెల్లె తన ఫోన్ నా చేతికిచ్చి, "అక్కా, నువ్వైతే మంచిగ తీస్తవ్" అంది. తీశాను. మరిది వచ్చి చేరితే మళ్ళీ తీశాను. అమ్మను కూడా లాక్కుపోతే ఇంకా తీశాను. ఆ ఫోటోలు ఇప్పుడు మా చుట్టాలందరి ఫోన్లలో ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ నేను లేను.

పూరీలో దర్శనం బాగానే అయింది. నాయిన దోస్తుల కోసం ప్రసాదం పొట్లాలు కట్టించుకున్నాడు. తిరుగు ప్రయాణం రోజు పొద్దున లాడ్జి కింద టీ తాగుతుంటే చెల్లె అంది: "వచ్చేటప్పుడు అక్క దారిల పోదాం."

మరిది ఏదో అనబోయాడు. "అక్క పనిచేసిన బడి చూడాలె నేను" అంది చెల్లె. నాయిన వెంటనే "అవ్, పోదాం" అన్నాడు. నేను అడిగినప్పుడు కానిది అది అడగ్గానే అయిపోయింది. నా దారిని కూడా చెల్లె అడిగిపెడితే తీసుకోవాల్సి వచ్చింది. టీ చేదుగా తగిలింది. అయినా వద్దనలేదు, ఆ దారి మీద నాకు అంత ఆశ ఉంది.

జయపూర్‌లో ఆ రాత్రి ఆగి, మరునాడు పొద్దున్నే బయల్దేరాం. మరిది భయపడినంత లేదు రోడ్డు. మల్కన్‌గిరి దాటాక అడవి దగ్గరైంది. అది తునికాకు సీజన్. రోడ్డు పక్క కల్లాల్లో ఆకు కట్టలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. నేను ఆగకుండా చెప్తూనే ఉన్నాను. అది మద్ది, అది ఇప్ప, ఆ కట్టలు బీడీలకు పోతాయి, ఈ వాగు వానాకాలం రోడ్డు మీదికి వస్తుంది... నాయిన కాసేపు వింటూ "ఊ" అన్నాడు. తర్వాత చూస్తే నిద్రపోతున్నాడు.

చింతూరు దగ్గర మెయిన్ రోడ్డు దిగి బడి ఉన్న ఊరికి పోయాం. బడికి తాళం వేసి ఉంది, సెలవులు కదా. పక్కనే వంటామె ఇల్లు. కోయ ఆమె, నాకంటే కొంచెం పెద్దది. నాలుగేళ్ళు ఆమె వండిందే తిన్నాను. కారులో వస్తున్నంతసేపూ నా ఊహలో ఆమె గేటు దగ్గరికి పరుగెత్తుకొని వచ్చి, రాజమండ్రి మేనత్తలా నన్ను పట్టుకుంది. ఆ ఊహలోనే నాయిన అది చూశాడు.

ఆమె వాకిట్లో చింతకాయలు కొడుతోంది. తల ఎత్తి చూసి, కొంచెం ఆలోచించి, "టీచరమ్మా" అని లేచి నిలబడింది. లోపలికి పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి, నా కోసం వేప చెట్టు కింద వేసింది. నేను కూర్చున్నాను. ఆమె చేతులు కట్టుకొని "మంచిగున్నరా అమ్మా" అంది. బాగున్నానన్నాను. ఆమె నిలబడే ఉంది, నేను కూర్చునే ఉన్నాను.

చెల్లె మాత్రం చింతకాయల కుప్ప పక్కన మట్టిలో చతికిలబడి, ఒక కాయ తీసుకొని గింజ తియ్యడం మొదలుపెట్టింది. దాహమవుతోందంటే ఆమె చెంబు తెచ్చి కోయలో "ఏరు" అని ఇచ్చింది. కోయలో ఏరంటే నీళ్ళు. చెల్లె కళ్ళు పెద్దవి చేసి, "చెంబెడు నీళ్ళు అడిగితే ఏరే తెచ్చి ఇస్తివి గదనే వదినా! అంత తాగుతనా నేను?" అంది.

ఆ వంటామె నవ్వింది. మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, తర్వాత కడుపు పట్టుకొని నవ్వింది. పక్కింటి ఆడవాళ్ళను పిలిచి వాళ్ళ భాషలో చెప్పి మళ్ళీ నవ్వింది. నాలుగేళ్ళలో ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. ఆ మాట నాకూ తెలుసు. మొదటి వారంలోనే నేర్చుకున్నాను. నేర్చుకొని, సరిగ్గా పలికి, నీళ్ళు తీసుకొని తాగేదాన్ని, అంతే.

మేం వద్దన్నా అన్నం పెట్టింది. చెల్లె ఆమెతో కలిసి పొయ్యి దగ్గరే కూర్చుంది. నాయిన, మరిది కూడా అక్కడికే చేరి మాటల్లో పడ్డారు. "టీచరమ్మ గూడ మంచిదే, ఎవరినీ ఏమనకపోయేది. తిన్న ప్లేటు ఆమెనే కడుక్కునేది" అని నా గురించి చెప్పింది వంటామె. అది పొగడ్తే. కుర్చీలో కూర్చొని విన్నాను.

పోతుంటే చెల్లెకు ఒక కొండచీపురు ఇచ్చింది, కొత్తది, మెత్తగా పచ్చవాసన వస్తోంది. కారు స్టార్ట్ చేశాక నన్ను చూసి గుర్తొచ్చినట్టు లోపలికి ఉరికి ఇంకోటి తెచ్చి కిటికీలోంచి నాకిచ్చింది. దాన్ని అప్పటికే కొన్నాళ్ళు వాడినట్టుంది.

ఎటపాక దాటాక టీ కోసం ఆగాం. నాయిన, మరిది హోటల్ లోపలికి పోయారు, అమ్మ కారులో కళ్ళు మూసుకుంది. చెల్లె నా దగ్గరికి వచ్చి, "ఎంత మంచిది అక్కా ఆమె!" అంది. ఇక ఆగలేకపోయాను.

"నా దాంట్ల గూడ నువ్వే ఉండాల్నా?"

"ఏంది అక్కా?"

"నీకు రాజమండ్రి ఉంది, భీమిలి ఉంది. నాయిన ఉన్నడు. నాకున్నది ఈ ఒక్క ఊరు. ఆడ గూడ నువ్వే నవ్వియ్యాల్నా?"

చెల్లె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పెండ్లయిన కొత్తల ఆ మేనత్తనే నన్ను 'బొగ్గుబాయోళ్ళ పిల్ల' అనేది, తెలుసా? నేను నోరు తెరిస్తే చాలు నవ్వెటోళ్ళు. ఇక నేనే ముందు నవ్వించుడు నేర్చుకున్న. యాడికి పోయినా వంటింట్ల జొరబడి ఏదో ఒక పని అందుకోవాలె. లేకుంటే నన్ను ఎవరూ చూడరు అక్కా. నువ్వు ఊకె నిలబడితే చాలు, కుర్చీ ఏస్తరు."

నాకు తెలియని సంగతి అది. విన్నాక దాన్ని దగ్గరికి తీసుకోవాల్సింది. కానీ నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు కలిగింది ఇంకో అసూయ. ఆ కష్టం గురించి అది ఎంత బాగా చెప్పింది! నా కష్టం నేను చెప్తే చిన్నపిల్ల పేచీలా ఉంది. "పా, టీ చల్లారుతది" అన్నాను. అది నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకోలేదు, అట్లని గట్టిగా పట్టుకోనూ లేదు. ఇద్దరం అట్లాగే లోపలికి పోయాం.

భద్రాచలం దగ్గర గోదావరి దాటి, పాల్వంచ మీదుగా కొత్తగూడెం చేరేసరికి పొద్దు గూకుతోంది. చెల్లె వాళ్ళు తోటలో పనుందని ఆగకుండా పెనుబల్లికి పోతామన్నారు. నన్ను తల్లాడలో దింపి పోతామన్నాడు మరిది. "నేను రేపు బస్సుకు పోత. ఇయ్యాల నాయిన కాడ ఉంట" అన్నాను. కారు సందు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చి తలుపు వేశాను. ఎన్నో ఏండ్ల తర్వాత నాయిన నా ఒక్కదానికే దొరికినట్టనిపించింది.

ఇల్లు ఊడ్చి, నీళ్ళు పట్టి, బియ్యం కడిగేసరికి గంట పైనే అయింది. అమ్మ స్నానానికి పోయింది. నేను పొయ్యి మీద అన్నం పెట్టి, నాయిన కాళ్ళ దగ్గర పీట వేసుకొని కూర్చున్నాను. నా బడి ఎట్లుంది అని అడుగుతాడని చూశాను. ఆయన ప్రసాదం పొట్లాలు ఎవరికి ఏది ఇవ్వాలో వేరు చేసుకుంటున్నాడు. కాసేపటికి గోడ గడియారం వైపు చూశాడు.

"చిన్నది ఇల్లు చేరిందో లేదో. ఒకసారి ఫోన్ చెయ్ బిడ్డా."

చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"ఇప్పుడే చేరినం అక్కా. నాయిన తిన్నడా?"

పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతూనే ఉంది.

"తిన్నడు," అన్నాను. "నేనే వడ్డించిన."