మేడ్చల్ సర్వర్

వినోదకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. శామీర్‌పేట నుంచి రోజూ బస్సెక్కి మేడ్చల్‌లోని విత్తనాల కంపెనీకి వచ్చి, అక్కడి కంప్యూటర్ విభాగం చూసుకునేది. విభాగమంటే ఒక ఏసీ గది, అందులో ఆమె ఒక్కతే. రెండు వేల సంవత్సరం వేసవి మొదట్లో కంపెనీ తన డేటాబేస్ కోసం కొత్త సర్వర్ కొన్నది. దాన్ని అమర్చడానికి సికింద్రాబాద్ నుంచి బాలేష్ అనే ఇంజనీరు వచ్చాడు. అతనిది కీసర.

యంత్రానికి కరెంటు ఇవ్వకముందే అతడు బల్ల మీద కాగితం పరిచి గళ్లు గీశాడు. ఒక్కో గడి ఒక్కో డిస్కు.

"ముందుగల్ల ఏది యాడ పెట్టాల్నో అనుకుందాం మేడం. డేటా ఎక్కినంక కదిలించుడు కష్టం," అన్నాడు.

అసలు రికార్డులు ఒక జత డిస్కుల మీద. జరిగిన ప్రతి మార్పునూ వెంటవెంటనే రాసుకునే లాగ్ ఫైళ్లు వేరే జత మీద. జతలో ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది. నిండిన లాగ్‌ల నకళ్లు దాచడానికి మూడో చోటు. దాన్ని అతడు చిన్నగా గీశాడు.

"గిది సరిపోదు సారు," అంది వినోద.

"ఎందుకు? రోజుకెంత రాస్తాందో చూసే గీసిన."

"మీరు చూసింది గీ నెల లెక్క. మృగశిర కార్తె ముంగట విత్తనాలకు డీలర్లంతా ఒక్కపారే వస్తరు. బిల్లులు ఆగకుంట పడ్తయి. గీ చోటు నిండితే డేటాబేసే ఆగిపోతది గద."

అతడు ఆమె వైపు చూశాడు. ఆ గీత చెరిపేసి, ఆ గడిని కాగితం అంచుదాకా పెంచాడు.

పని సాగినన్నాళ్లూ ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఫోల్డర్ల పేర్లు ఆమె చెబుతుంటే అతడు టైపు చేసేవాడు. క్యాంటీన్‌కు వెళ్తే ఆమెకూ ఓ చాయ్ పట్టుకొచ్చేవాడు. వెళ్లే రోజు గుమ్మం దగ్గర ఆగి, "ఏదన్న పరేషాన్ అయితే ఫోన్ చేయున్రి. నేనే వస్త," అన్నాడు.

పరేషాన్ రాలేదు. మృగశిర వచ్చింది, డీలర్లు వచ్చారు, బిల్లులు తెల్లవార్లూ పడ్డాయి. మూడో చోటు నిండనే లేదు. మేనేజర్ అందరి ముందూ మెచ్చుకుంటే వినోద తల వంచుకుని నిలబడింది. అన్నీ ఒకే డిస్కు మీద పడేసి ఉంటే అతడు ఈపాటికి ఎన్నిసార్లు వచ్చేవాడో అనిపించింది ఆమెకు. ఫోన్ ఎత్తేది, పెట్టేసేది. అంతా బాగుందని చెప్పడానికి ఎవరు ఫోన్ చేస్తారు?

ఇంట్లో సంబంధాలు వస్తూనే ఉన్నాయి, వినోద వద్దంటూనే ఉంది. తల్లి సత్తమ్మ విసిగిపోయి, "ఎవలి కోసమే గిట్ల?" అని అడిగింది.

"ఎవలి కోసం లేదమ్మ."

మూడేళ్ల తర్వాత, ముసురు పట్టిన ఒక ఉదయం, సర్వర్ మీద పసుపు దీపం వెలిగింది. ఒక డిస్కు పోయింది. బాలేష్ వస్తాడనుకుంది వినోద. సంతోషపడుతున్నానని తెలిసి సిగ్గేసింది. వెంటనే సికింద్రాబాద్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

వచ్చింది ఓదెలు అనే కొత్త ఇంజనీరు. యంత్రం ఆపకుండానే డిస్కు మార్చేసి, చేతులు తుడుచుకున్నాడు.

"గిదేనా మేడ్చల్ సర్వర్? మాకు ట్రైనింగ్‌ల గిదే చెప్తరు మేడం. బాలేష్ సార్ ఇప్పుడు పుణెల ట్రైనింగ్ చూస్తున్రు. 'గా మూడో చోటు పెంచుమన్నది నేను కాదు, ఆడున్న ఒక మేడం' అని ప్రతి బ్యాచ్‌కు చెప్తరు."

వినోద బాలేష్ ఇంటి నంబరు అడిగి తీసుకుంది. సాయంత్రం హైవే పక్క ఎస్టీడీ బూత్‌లోంచి కలిపింది.

"సారు, నేను వినోదను. మేడ్చల్ నుంచి."

"చెప్పున్రి మేడం."

"ఒక డిస్కు పోయింది. మార్చిన్రు. డేటా మంచిగనే ఉన్నది."

"మంచిగనే ఉంటది. నాకెర్క." మళ్లీ అతడే, "మూడేండ్లు మీ ఫోనే రాలే. బాగ నడుస్తాందనుకున్న," అన్నాడు.

"నడిచింది సారు."

అతని వెనక ఒక పసిబిడ్డ ఏడ్చింది. ఎవరో ఊరుకోబెడుతున్నారు. "మా పాప," అన్నాడతడు మెల్లగా.

"పేరేం పెట్టిన్రు?"

"యమున."

మంచి పేరని చెప్పి వినోద ఫోన్ పెట్టేసింది. బయట వాన సన్నగా పడుతోంది. శామీర్‌పేట బస్సు వచ్చి ఆగింది. అందులో సీట్లున్నాయి. అయినా ఆమె ఎక్కలేదు. ఇంటికి వెళ్లి మామూలుగా మాట్లాడడానికి ఆమెకు ఇంకాస్త సమయం కావాలి.