పుట్టినరోజు గౌనుతో కొల్లేటి లంకకు

తెల్లవారుజామున తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కేటప్పటికి నా చేతిలో మంచినీళ్ళ సీసా, గొడుగు, గులాబీరంగు గౌను ఒకటి ఉన్నాయి. చాలా ఊళ్ళు తిరిగాను గానీ, ఒక గౌనును ఒడిలో పెట్టుకుని యాత్రకు బయలుదేరడం ఇదే మొదలు. మా అక్క కూతురు జ్యోతి కొల్లేటి లంకలో హైస్కూలు టీచరు. "పిన్నీ, మీ వీధి టైలరు దగ్గర గౌనుంది. రేపు ప్రార్థన బెల్లు కొట్టేలోపు తెచ్చిపెట్టావంటే నీకు పుణ్యముంటుంది" అని ముందురోజు ఫోన్ చేసింది. కొల్లేరు చూడాలని ఎన్నాళ్ళుగానో ఉంది కనుక సరేనన్నాను.

గౌను సంగతి ఇక్కడే చెప్పాలి. యూనిఫాం అందరికీ ఒకటే అయినా, పుట్టినరోజున కలర్ డ్రెస్సు వేసుకురావడం మన బళ్ళలో ఆనవాయితీ కదా. కొత్తబట్టలు లేని పిల్లలు ఆ రోజు బడే మానేస్తున్నారని జ్యోతి కనిపెట్టింది. ఆడపిల్లలందరికీ కలిపి ఈ ఒక్క గౌను కుట్టించింది. ఎవరి పుట్టినరోజైతే వాళ్ళు వేసుకుని, తమదంటూ ఒక చిన్న వస్తువు దానికి కుట్టి తిరిగివ్వాలి. పదో తరగతి రూతు మాత్రం ఏటా ఆ రోజు రాదు. బాగా పొడగరి, గౌను పట్టదు. ఈసారి పక్క కుట్లు విప్పించి వదులు చేయిస్తానని జ్యోతి బతిమాలితే, చివరికి వస్తానంది. బడిలో ఆ పిల్లకి ఇదే ఆఖరి పుట్టినరోజు.

ఉంగుటూరులో కరివేపాకు కట్టలతో ఒకావిడ ఎక్కి ఎదురుగా కూర్చుంది. "ఏవండీ, మనవరాలికాండీ?" అనడిగింది. విషయం చెప్పగానే గౌను లాక్కున్నంత పని చేసింది. దానిమీద అద్దం బిళ్ళలు, పూసలు, ఏదో పక్షి ఈక, చొక్కా గుండీ! "అబ్బ, ఎవరిది వాళ్ళు భలే కుట్టుకున్నారండీ!" అంది. రైలు పెట్టెలో గౌను అందరి చేతులూ మారుతోంది. "టీ ఒలుకుద్దండీ బాబూ, ఇలా ఇచ్చెయ్యండి" అని గోల పెట్టాను. శ్రీలంకలో వీధి నిండా తెల్ల యూనిఫాంలు చూశాను. జర్మనీలో యూనిఫామే లేదు, అయినా పిల్లలంతా ఒకేరకం నల్లకోట్లలో తిరుగుతుంటే నవ్వొచ్చింది. ఇలాంటి బట్ట మాత్రం ఎక్కడా చూడలేదు.

ఏలూరు బస్టాండులో రెండిడ్లీ మింగి కైకలూరు బస్సెక్కాను. ఆధారు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం. "గౌనుక్కూడా జీరో టికెట్టేనండీ" అన్నాడు కండక్టరు. చేపల చెరువులు దాటాక కొల్లేరు కనిపించింది. ఎంత నీరు, ఎంత ఆకాశం! గూడబాతులు గుంపుగా లేచేసరికి నోరు తెరుచుకుని ఉండిపోయాను. గట్టుమీద దిగి, బడిపిల్లలతోపాటు పడవెక్కాను. వాళ్ళు పక్షుల్ని చూడలేదు, గౌను పెట్టుకున్న నా సంచీనే చూశారు.

బెల్లుకి ముందే చేరాను. స్టాఫ్‌రూములో రూతుకి గౌను తొడగబోయాం. వదులు చేయించినా చంకల దగ్గర పట్టేసింది. నేనొకపక్క, జ్యోతి ఒకపక్క లాగితే కుట్టు పటపటలాడింది. ఆ పిల్ల గౌను తీసి మడతపెట్టింది. "పర్వాలేదండీ టీచరుగారూ, నేనింటికెళ్ళిపోతానండీ" అంది. నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం మోసుకొచ్చింది ఇందుకా!

గుమ్మంలో నిలబడ్డ ఏడో తరగతి పిల్ల గబగబా వచ్చి, గౌనుకున్న తన అద్దం బిళ్ళని కత్తిరించింది. "అక్కా, ఉండు. నాది నీ యూనిఫాం మీద పెడతా" అంది. దాని వెనక ఇంకొకతె, ఇంకొకతె. అంతే, గది నిండిపోయింది. జ్యోతి తన పుస్తెలతాడుకున్న పిన్నీసులు తీసింది. వంటామె గాజులకున్నవి తీసింది. చివరికి నా పైట పిన్నీసు కూడా పోయింది. హెడ్మాస్టరుగారు తలుపు దగ్గరికొస్తే కేకలేస్తారేమోనని భయపడ్డాను. ఆయన కాసేపు చూసి, "ప్రార్థన ఆలస్యంగానే మొదలెడదాంలెండి" అన్నారు.

రూతు ఎండలో వరుసలో నిలబడింది. కమీజు, చున్నీ అంతా అద్దాలు, పూసలు, ఈకలు. ఒక్కొక్కటీ ఒక్కో పిల్లది. ఆ పిల్ల నవ్వుతుంటే చూపు తిప్పుకోలేకపోయాను.

సాయంత్రానికల్లా పిల్లలు అన్నింటినీ మళ్ళీ గౌనుకు కుట్టేశారు. పడవ దగ్గరికి రూతు వచ్చి, గౌనుతోపాటు తన చున్నీ కూడా నా సంచీలో పెట్టింది.

"ఇదెందుకమ్మా?"

"రెండు ముక్కలు చేసి, గౌను పక్కల్లో అతికించమని టైలరుగారికి చెప్పండి. మా చెల్లి కూడా నాలాగే పొడుగవుతోందండీ. ఇలాగైతే ఎవరికైనా పడుతుంది కదండీ."

"మరి నీకో?"

"ఇంకోటుందండీ. గౌనుకి నాదంటూ ఏదోటి ఇవ్వాలి కదండీ."

తిరుగు బస్సులో, రైల్లో సంచీని ఒళ్ళోంచి దించలేదు. పదహారేళ్ళ పిల్లకి ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో, తల్చుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే. తాడేపల్లిగూడెంలో దిగి ఇంటికి వెళ్ళలేదు. నేరుగా టైలరు కొట్టుకే వెళ్ళాను.